హెలెన్ నడిచిన దారి

"మేడమ్, టామ్ భార్య తర్వాత ఏమయింది?"

నా రిటైర్మెంటుకి ముందు సంవత్సరం, బి.ఏ. మూడో ఏడు పిల్లలకి 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' సినిమా చూపించాను. కిటికీలకి దుప్పట్లు కట్టి, ఎవరిదో ప్రొజెక్టర్ అరువు తెచ్చి, రెండు మధ్యాహ్నాలు వేశాను. కోర్టులో ఓడిపోయిన గ్రెగరీ పెక్ ఫైళ్ళు సర్దుకుని బయటికి నడుస్తుంటే పైన గ్యాలరీలో నల్లవాళ్ళంతా లేచి నిలబడతారు చూడండి, అక్కడ ప్రతిసారీ లాగే నాకు గొంతు పూడుకుపోయింది. సినిమా అయ్యాక లైట్లు వేసి, ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నాను. సాధారణంగా ఎవరూ అడగరు. ఆ రోజు చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి ఈ ప్రశ్న వేసింది.

అంతకుముందు ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నవల అది. ఆటికస్ ఫించ్ ధర్మనిరతి మీద, స్కౌట్ అమాయకపు చూపు మీద, మాకింగ్‌బర్డ్ పిట్టని ప్రతీకగా వాడటం మీద ఎన్ని నోట్సులు చెప్పానో లెక్కలేదు. టామ్ భార్య పేరు కూడా వెంటనే గుర్తు రాలేదు నాకు. "నవలలో కొంచెం ఉందమ్మా, రేపు చెప్తాను" అని తప్పించుకున్నాను.

కథ మీలో చాలామందికి తెలిసిందే. 1930ల అలబామాలో మేకోంబ్ అనే చిన్న ఊరు. మేయెల్లా యూయెల్ అనే నిరుపేద తెల్లమ్మాయి తనను టామ్ రాబిన్సన్ అనే నల్లవాడు బలాత్కరించాడని చెబుతుంది. అతని తరఫున ఆటికస్ వాదిస్తాడు. టామ్ నిర్దోషి అని అందరికీ అర్థమవుతుంది, జ్యూరీ మాత్రం దోషి అంటుంది. హార్పర్ లీ నవల 1960లో వచ్చింది, రాబర్ట్ మల్లిగన్ సినిమా 1962లో.

ఆ రాత్రి పుస్తకం తీసి ఒక్క హెలెన్ రాబిన్సన్ కోసమే చదివాను. ఆమె అక్కడక్కడా ఉంది. పన్నెండో అధ్యాయంలో ఆటికస్ ఊళ్ళో లేనప్పుడు వాళ్ళింట్లో పనిచేసే కల్పర్నియా పిల్లలిద్దర్నీ తన చర్చికి తీసుకెళ్తుంది. పాస్టరు సైక్స్ గారు కానుకలు లెక్కపెట్టి, హెలెన్‌కి ఇవ్వడానికి పది డాలర్లు పూర్తయ్యేదాకా తలుపులు తెరవనంటాడు. అక్కడున్న వాళ్ళంతా ఇళ్ళల్లో, పొలాల్లో పనిచేసి బతికేవాళ్ళే. చిల్లర చిల్లరగా ఆ పది డాలర్లు పోగవుతాయి. హెలెన్ ఎందుకు పనికి పోకూడదు అని స్కౌట్ అడుగుతుంది. మొగుడి మీద అలాంటి నేరం మోపాక ఆ ఇంటి మనిషిని పనిలో పెట్టుకోవడానికి ఎవరూ ముందుకు రావడం లేదని కల్పర్నియా మెల్లగా చెబుతుంది. విచారణ ఇంకా మొదలే కాలేదు. హెలెన్‌కి అప్పటికే శిక్ష పడిపోయింది.

టామ్ చనిపోయాక లింక్ డీస్ అనే రైతు ఆమెకి పని ఇస్తాడు. అతనికి నిజానికి ఆ మనిషి అవసరం లేదు, టామ్ తన దగ్గర పనిచేసినవాడు కాబట్టి ఇస్తాడు. పనికి వెళ్ళాలంటే యూయెల్ వాళ్ళ ఇంటి ముందు నుంచి దారి. మొదటిసారి ఆ దారిన వెళ్తే వాళ్ళు ఆమె మీదికి రాళ్ళూ రప్పలూ విసిరారు. అప్పటినుంచీ హెలెన్ దాదాపు ఒక మైలు చుట్టూ తిరిగి వెళ్తుంది. రోజూ ఆమె వేరే దిక్కు నుంచి రావడం చూసి లింక్ డీస్ ఆరా తీస్తే తప్ప ఆ సంగతి తనంతట తాను చెప్పలేదు. అతను యూయెల్‌ని బెదిరించాక మర్నాడు ఆమె ఆ దారినే వెళ్తే, బాబ్ యూయెల్ చెయ్యి వేయకుండా, దగ్గరికి రాకుండా, వెనకాలే నడుస్తూ బూతులు గొణుగుతూ వస్తాడు. ఈ రకం మగవాడి గురించి మనకి ఫుట్‌నోట్ అక్కర్లేదు.

ఇదంతా రెండు మూడు పేజీల్లో, ఇంకో సంగతి చెబుతూ దారిలో చెప్పినట్టు ఉంటుంది. నేను ఇరవై ఏళ్ళూ దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాను.

సినిమాలో అదీ లేదు. నవలను రెండు గంటల సినిమా చెయ్యాలంటే కోతలు తప్పవు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. హార్టన్ ఫుట్ రాసిన స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది, అది ఊరికే రాలేదు. కానీ ఏది కోశారు అన్నది చూడాలి కదా. చర్చి మొత్తం పోయింది. పది డాలర్లు పోయాయి. "మన చర్చికి తెల్లపిల్లల్ని ఎందుకు తెచ్చావు" అని కల్పర్నియాని నిలదీసే లూలా పోయింది. ఆ మైలు దారి పోయింది. నల్లవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే, తగాదా పడే, ఒకరినొకరు ఆదుకునే చోటు ఏదైతే ఉందో అదంతా పోయి, తెల్ల లాయరు బయటికి వెళ్తుంటే లేచి నిలబడే గ్యాలరీ మాత్రం మిగిలింది. నా గొంతు పూడుకుపోయేది సరిగ్గా అక్కడే. ఆ సంగతి తెలిశాక కాస్త సిగ్గనిపించింది.

టామ్ చావు కబురు చెప్పే సన్నివేశం ఇంకా చూడండి. నవలలో ఆటికస్ ఇంటికొచ్చి కల్పర్నియాని వెంట రమ్మంటాడు. ఒక ఆడమనిషికి ఆ మాట చెప్పేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి, ఆమె చర్చికి వెళ్ళే మనిషి, ఉండాలని అతనికి తోచింది. హెలెన్ కుప్పకూలడం మనం నేరుగా చూడం. పెద్ద పాదమేదో వచ్చి తొక్కేసినట్టు పడిపోయిందని పిల్లవాడు డిల్ చూసొచ్చి స్కౌట్‌కి చెబితే, స్కౌట్ మనకి చెబుతుంది. సినిమాలో కల్పర్నియా వెళ్ళదు. ఆటికస్, కారులో కొడుకు జెమ్ వెళ్తారు. హెలెన్ కూలిపోవడం కనిపిస్తుంది. ఆ వెంటనే బాబ్ యూయెల్ వచ్చి ఆటికస్ ముఖం మీద ఉమ్ముతాడు. నవలలో ఈ ఉమ్మడం పోస్టాఫీసు దగ్గర, వేరే రోజు జరుగుతుంది. సినిమా దాన్ని తెచ్చి హెలెన్ గుమ్మం ముందు పెట్టింది. దాంతో కెమెరా ఆటికస్ ముఖానికి, చెంప తుడుచుకునే రుమాలుకి, తండ్రి నిగ్రహం చూస్తున్న కొడుకు కళ్ళకి వెళ్ళిపోతుంది. లోపల ఏడుస్తున్న ఆడమనిషి ఇంటి ముందు కథ మగవాళ్ళ పౌరుషం గురించి అయిపోయింది.

ఇంకొకటి. నవలలో జైలు కంచె ఎక్కి పారిపోబోయిన టామ్ ఒంట్లో పదిహేడు తూటాల గాయాలుంటాయి. అన్నిసార్లు కాల్చనక్కర్లేదని ఆటికస్ అంటాడు. సినిమాలో ఒక డిప్యూటీ గాయపరచాలని కాల్చితే గురి తప్పి చనిపోయాడని ఆటికస్ చెబుతాడు. పదిహేడు తూటాలు ఒక్క గురి తప్పడంగా మారాయి.

మేయెల్లా దగ్గర నేను చాలా ఏళ్ళు తడబడ్డాను, ఇప్పటికీ తడబడుతున్నాను. 1978లో నేను హైదరాబాదులో చదువుకుంటున్నాను. నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ చావు, ఆ తర్వాత ఆమెనే వేశ్యగా నిరూపించడానికి కమిషన్ ముందు పోలీసుల తరఫున జరిగిన ప్రయత్నం, ఇవి మా తరంలో చాలామందికి మొదటి స్త్రీవాద పాఠాలు. కోర్టులో ఆడదాని శీలాన్ని విప్పి చూపించే లాయర్లను నమ్మొద్దని అప్పుడే నేర్చుకున్నాం. ఆ చెవులతో ఆటికస్ క్రాస్ ఎగ్జామినేషన్ వింటే ఇబ్బందిగా ఉంటుంది. ఆమె ఒంటరితనం, ఆమె కోరిక, ఆమెకి స్నేహితులున్నారా లేదా, అన్నీ జ్యూరీ ముందు పరుస్తాడు. మర్యాదగా 'మిస్' అని సంబోధిస్తే ఆమె తనను వెక్కిరిస్తున్నాడనుకుంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆమెని అలా పిలవలేదు. పెంట కుప్ప పక్కన పగిలిన కుండల్లో ఎర్ర జెరేనియం పూలు పెంచే పిల్ల అది. తండ్రి తనను చేసేది లెక్కలోకి రాదని ఆమె తనతో అన్నట్టు టామ్ సాక్ష్యంలో చెబుతాడు. నవల మొత్తంలో అసలు నేరం ఆ వాక్యంలో ఉంది. దాని మీద విచారణ ఉండదు. కోర్టు ఆ మాట విని ముందుకెళ్ళిపోతుంది.

అయినా ఆమె చెప్పింది అబద్ధమే, ఆ అబద్ధానికి ఒక మనిషి చచ్చిపోయాడు. ఇవి రెండూ ఒకేసారి పట్టుకోవడం మాకు ఎవరూ నేర్పలేదు. 1931లో ఇదే అలబామాలో స్కాట్స్‌బరో కేసు నడిచింది. మిల్లు కూలి చేసుకునే ఇద్దరు తెల్లమ్మాయిల మాట మీద తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ళు జైలుపాలయ్యారు. వాళ్ళలో రూబీ బేట్స్ 1933లో కోర్టుకే వచ్చి అది అబద్ధమని చెప్పింది. జ్యూరీ అయినా దోషి అనే తేల్చింది. అంటే ఆడదాని మాటని వాళ్ళు నమ్మారని కాదు. తమకు పనికొచ్చినప్పుడే ఆమె మాట మాట అయింది, మాట మార్చుకోగానే చెల్లని కాసయింది. ఈ లెక్కని 1892లోనే మెంఫిస్‌లో ఐడా బి. వెల్స్ బట్టబయలు చేసింది. మూకహత్యలకు సాకుగా చెప్పే బలాత్కారపు కథలు బూటకమని రాసింది. ఆమె పత్రికాఫీసుని ధ్వంసం చేశారు. ఆమె నల్లజాతి స్త్రీ. మా సిలబస్‌లో ఎప్పుడూ లేదు.

కల్పర్నియా గురించి రాయాలంటే మరియమ్మ గురించి చెప్పాలి. నన్ను పెంచింది మరియమ్మే. పొద్దున్నే మా వాకిలి ఊడవడానికి వచ్చి, రాత్రి మా ఎంగిలి గిన్నెలు తోమి వెళ్ళేది. ఆమె కంచం పెరటి గోడ గూట్లో ఉండేది. ఊరి చివర పల్లెలో ఉంటుందని తెలుసుగానీ ఆ ఇల్లు నేను చూడలేదు, ఆమె పోయిన రోజున తప్ప. చర్చి నుంచి తిరిగొస్తూ స్కౌట్, మీ ఇంటికి ఎప్పుడైనా రావచ్చా అని కల్పర్నియాని అడుగుతుంది. చర్చిలో కల్పర్నియా వేరే భాష మాట్లాడటం విని, ఈమెకి మన ఇంటి బయట ఇంకో బతుకుందని ఆ పిల్లకి అప్పుడే తడుతుంది. నేను ఆ ప్రశ్న మరియమ్మని అడగనే లేదు. (స్కౌట్‌ని కూడా ఆ ఇంటికి వెళ్ళనివ్వలేదు లెండి, మేనత్త అడ్డుపడింది.) 2015లో అచ్చయిన 'గో సెట్ ఎ వాచ్‌మన్'లో పెద్దదైన స్కౌట్ చివరికి ఆ ఇంటికి వెళ్తుంది. తెల్లవాళ్ళ ముందు పెట్టే మర్యాద ముఖంతో కల్పర్నియా ఆమెని పలకరిస్తుంది. ఆ పుస్తకంలో ఆటికస్ జాతివివక్షను సమర్థించేవాడుగా తేలాడని లోకమంతా గుండెలు బాదుకుంది. నన్ను కుదిపింది మాత్రం కల్పర్నియా ముఖమే.

ఆ నెలంతా నాకు ఇదే పిచ్చి. దక్షిణాది నేరకథ ఏది చదివినా నల్ల ఆడవాళ్ళని వెతకడం మొదలుపెట్టాను. ఫాక్‌నర్ 'ఇంట్రూడర్ ఇన్ ద డస్ట్' (1948)లో ముసలి లూకస్ బోషాంప్ మీద తెల్లవాణ్ణి వెనకనుంచి కాల్చాడని నేరం. టామ్‌లా వినయంగా ఉండడు లూకస్. ఎవరికీ తల వంచడు. చివర్లో లాయరుకి రెండు డాలర్లు ఫీజు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు అడుగుతాడు. ఎంత గొప్ప ముగింపో! క్లారెన్స్ బ్రౌన్ 1949లో దాన్ని ఫాక్‌నర్ సొంత ఊరు, మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్‌లోనే తీశాడు. లూకస్‌గా హువానో హెర్నాండెజ్‌ని చూడటానికైనా ఆ సినిమా చూడాలి. ఆ ఏడాది జాతి సమస్య మీద వచ్చిన సినిమాల్లో హార్లెంలో నవ్వులపాలు కాకుండా ఆడగలిగేది ఇదొక్కటేనన్న అర్థంలో రాల్ఫ్ ఎలిసన్ రాశాడు.

మరి మోలీ? లూకస్ భార్య. కథ అసలు కదిలే సమయానికే చనిపోయి ఉంటుంది. గోడ మీద ఫోటోగా మిగిలింది, అందులోనూ తలగుడ్డ తీయించి తీసిన ఫోటో. కానీ లూకస్ బతికింది ఆమె వల్లనే. మిస్ హబర్‌షామ్ అనే ముసలి తెల్లావిడ ఇద్దరు కుర్రాళ్ళతో అర్ధరాత్రి సమాధి తవ్వి సాక్ష్యం తెస్తుంది కదా, ఆమె ఎందుకు వచ్చింది? ఆమె, మోలీ ఒకే ఈడు వాళ్ళు, ఇద్దరూ మోలీ తల్లి పాలే తాగి పెరిగారు. ఆ పాల ఋణం మీద నేరపరిశోధన నడిచింది. ఆ పాలిచ్చిన తల్లి హబర్‌షామ్ తాత దగ్గరి బానిస. ఇంకాస్త వెనక్కి వెళ్తే 'గో డౌన్, మోసెస్' (1942)లో లూకస్ వంశం మొదలు తెలుస్తుంది. ముసలి కరోథర్స్ మెక్‌కాస్లిన్ తన బానిస యూనిస్‌కి ఒక కూతుర్ని కన్నాడు, తర్వాత ఆ కూతురికే ఒక కొడుకుని కన్నాడు. యూనిస్ నీళ్ళల్లో దూకి చనిపోయింది. లూకస్ ఆ కొడుకు కొడుకు. మిస్ హబర్‌షామ్ మొదటి పేరు కూడా యూనిసే. ఫాక్‌నర్ కావాలని పెట్టాడో యాదృచ్ఛికమో గానీ, ఒక యూనిస్ సమాధి తవ్వి నిజం తీస్తుంది, ఇంకో యూనిస్ చావుకి ఎవరూ కేసు పెట్టలేదు.

'దట్ ఈవెనింగ్ సన్' (1931) కథలో నాన్సీ అనే చాకలి పనిచేసే నల్లామె, బ్యాంకు క్యాషియరూ చర్చి పెద్దా అయిన స్టోవాల్‌ని నడివీధిలో నా డబ్బులెప్పుడిస్తావని అడుగుతుంది. అతను కాలితో తన్ని ఆమె పళ్ళు రాలగొడతాడు. నేరం, నేరస్థుడు, సాక్షులు అన్నీ పట్టపగలే ఉన్నాయి. జైలుకి వెళ్ళింది మాత్రం నాన్సీ.

'ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్' (1967) గురించి ఎక్కువ చెప్పను, సిడ్నీ పోయిటియర్ తెల్ల భూస్వామికి చెంపదెబ్బ తిరిగి కొట్టడం అందరికీ గుర్తే. జాన్ బాల్ 1965 నవలలో కథ దక్షిణ కరొలైనాలో, సినిమాలో మిసిసిపీలో జరుగుతుంది. చిత్రీకరణ చాలావరకు జరిగింది ఉత్తరాన ఇల్లినాయ్‌లో, ఎందుకంటే దక్షిణాదికి వెళ్ళడానికి పోయిటియర్ ఇష్టపడలేదు. ఆ ఏటి ఆస్కార్ సభ మార్టిన్ లూథర్ కింగ్ హత్యతో రెండు రోజులు వాయిదా పడి 1968 ఏప్రిల్ 10న జరిగింది, ఉత్తమ చిత్రం ఇదే. హత్య చిక్కు విడిపోయేది ఒక తెల్లమ్మాయి అబార్షన్ దగ్గర, అదీ చట్టానికి చాటుగా ఆ పనిచేసే మామా కలెబా చీకటి గదిలో. కాసేపే కనిపించే ఆ పాత్ర వేసిన బీయా రిచర్డ్స్ పుట్టింది మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో. కవయిత్రి. 1951లోనే తెల్ల స్త్రీలని ఉద్దేశించి, మీ ఆభిజాత్యానికి మా శరీరాలు ఎలా మూల్యం చెల్లించాయో అడుగుతూ దీర్ఘ కవిత రాసి వేదిక మీద చదివింది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదివినప్పుడు నాలాంటి అగ్రకుల స్త్రీవాదులకి తగిలిన దెబ్బ లాంటిదే అది. సినిమా ఆమెకి ఇచ్చింది ఒక్క చీకటి గది.

1944 సెప్టెంబర్ 3. అలబామాలోని అబ్బెవిల్‌లో రీసీ టేలర్ చర్చి నుంచి ఇంటికి నడిచి వస్తోంది. పెళ్ళయి, ఒక పాప ఉన్న నల్లమ్మాయి. ఆరుగురు తెల్లవాళ్ళు తుపాకీ చూపించి ఎత్తుకెళ్ళి అత్యాచారం చేశారు. ఆమె నోరు మూసుకోలేదు, ఫిర్యాదు చేసింది. ఆమె ఇంటి వరండాకి నిప్పు పెట్టారు. మాంట్‌గమరీ నుంచి వివరాలు సేకరించడానికి వచ్చిన మనిషి రోజా పార్క్స్, బస్సులో సీటు వదలనన్న రోజుకి పదకొండేళ్ళ ముందు. రెండు గ్రాండ్ జ్యూరీలు కూర్చున్నాయి, ఒక్కడి మీదా కేసు అవసరం లేదన్నాయి. అలబామా శాసనసభ 2011లో క్షమాపణ చెప్పింది. ఆమె 2017 డిసెంబర్‌లో కన్నుమూసింది. ఇదంతా జరిగినప్పుడు హార్పర్ లీకి పద్ధెనిమిదేళ్ళు, ఆమెదీ అలబామానే. మా తరగతి గదుల్లోకి క్లాసిక్‌గా వచ్చింది తెల్లమ్మాయి అబద్ధం కథ. రీసీ టేలర్ నిజం కథ మీద గ్రెగరీ పెక్ నటించిన సినిమా ఏదీ లేదు. ఆ ఊహలో లాయరు ఎవరు, జ్యూరీ ఎవరు, లేచి నిలబడేది ఎవరికోసం?

హార్పర్ లీని తప్పుపట్టి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. హెలెన్ నడిచిన మైలు దారి ఆమె రాసిందే కదా. కాకపోతే నవల చివర బాబ్ యూయెల్ చనిపోయాక షెరీఫ్ ఒక మాట అంటాడు, నల్లవాడు అన్యాయంగా పోయాడు, దానికి కారకుడూ పోయాడు, ఇక్కడితో వదిలేద్దాం అని. లెక్క తెగిపోయింది. హెలెన్, ముగ్గురు పిల్లలు ఆ లెక్కలో లేరు. ఆ దారి ఇప్పుడు భయం లేకుండా నడవచ్చా అన్నది కూడా ఎవరూ చెప్పరు.

మర్నాడు క్లాసులో ఈ భాగాలన్నీ చదివి వినిపించాను. హెలెన్ చుట్టూ తిరిగి వెళ్ళే చోటు రాగానే ఆ చివరి బెంచీ అమ్మాయి తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. క్లాసయ్యాక బల్ల దగ్గరికి వచ్చింది.

"మా బాబాయి మీద కేసు పెట్టినప్పుడు మా పిన్నిని ఊళ్ళోంచి నడవనిచ్చేవాళ్ళు కాదు మేడమ్. కూలికి కాలవ గట్టు మీంచి చుట్టు తిరిగి పోయేది. అందుకని అడిగా."

"బాబాయి బయటికొచ్చారా?"

"వచ్చాడు. కేసు కొట్టేశారు, ఆరేళ్ళకి."

"పిన్ని?"

"విజయవాడ వచ్చేశారు మేడమ్ వాళ్ళు. పిన్ని అపార్ట్‌మెంట్లలో పనిచేస్తది. ఊరెళ్ళదు."

ఇంకేదో అడగాలనుకున్నాను. అప్పటికే తర్వాతి క్లాసు తీసుకోవాల్సిన హిస్టరీ మేడమ్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. కిటికీలకి కట్టిన దుప్పట్లు ఇంకా విప్పలేదు. ఆ అమ్మాయి నేనూ కలిసి అవి విప్పి, మడతపెట్టి, బయటికొచ్చాం.